ఖాళీ వస్తే అరవాలి

చిత్తూరు
3-11-2025, సోమవారం

గోపూ,

నాయన ఉంటే కాగితం పైన రామానుజుల వారికి దండం పెట్టనిదే ఉత్తరం మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. పెట్టాను. అక్షరం చెదిరింది, కాగితం మార్చాను. ఇది మూడో కాగితం.

నువ్వు ఆ మందు మాన్పించే ఇంటికి వెళ్లి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. తింటున్నావా, చేతుల వణుకు తగ్గిందా, నిద్ర పడుతోందా అని అన్నీ అడగాలి. అడిగినట్టే అనుకో. నాకు ఇప్పుడు అంత ఓపిక లేదు.

మా డయాలిసిస్ కేంద్రానికి నువ్వు రాసిచ్చిన ప్రోగ్రాం ఒక మనిషిని మింగేసింది.

ఐరాల దగ్గర మునిరత్నమ్మ అని ఒకామె. మొగుడి పేరు పెంచలయ్య. ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. ఆమెకు రెండు కిడ్నీలూ పోయాయి, వారానికి రెండుసార్లు మా దగ్గర మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఏ వారం ఎవరికి ఏ రోజు, ఏ మంచం అన్నది నీ ప్రోగ్రామే కదా తీసేది. ఆదివారం ఆదివారం ఆ పట్టీ అచ్చు తీసి గోడకు అంటించేది నేను. అక్టోబరు 19న, 26న పట్టీలో ఆమె పేరు రాలేదు. నేను గమనించలేదు. నూట నలభై పేర్లున్న కాగితంలో ఉన్న పేరు కనిపిస్తుంది గానీ, లేని పేరు ఎలా కనిపిస్తుంది?

పెంచలయ్య రెండు ఆదివారాలూ వచ్చాడు. ఆయనకు చదువు రాదు, వాచ్‌మన్‌తో చదివించుకున్నాడు. పేరు లేదన్నారు. ఆయన ఏం చేశాడో తెలుసా? సంతోషపడి ఇంటికి పోయాడు. మొన్న శుక్రవారం ఆమెను ఆటోలో పడేసుకుని వచ్చినప్పుడు నాతో అంటాడు, "పేరు తీసేసినారంటే జబ్బు తగ్గినట్టే గదమ్మా అనుకుంటిమి. ఆ పొద్దు పాయసం గూడా చేసుకున్న్యాం."

పాయసం, గోపూ! గ్లాసు నీళ్లు కూడా కొలిచి తాగాల్సిన మనిషి. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. పెద్దాసుపత్రిలో గొట్టాల మీద ఉంది. పెంచలయ్య వరండాలో కూర్చుని వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ "నేనే సరిగ్గా సూడలా, తప్పు నాదే" అని చెప్పుకుంటున్నాడు. నేను ఆయన కంట పడకుండా వెనక గేటు నుంచి పోయి వస్తున్నాను.

తిరుపతి నుంచి బాలచంద్ర అని ఒక ప్రోగ్రామర్‌ను పిలిపించాను. మంచి పనిమంతుడే. రెండు గంటలు చూసి తల పట్టుకున్నాడు. "ఇది మాకు తెలిసిన రూబీ బాస కాదక్కా, మీ తమ్ముడి సొంత బాస. చుక్క ఉండాల్సిన చోటల్లా బాణాలుండాయి. ఏ బాణం యాడికి పోతాదో ఆయనకే తెలియల్ల" అన్నాడు. నాలుగు పేజీలు అచ్చు తీసి ఇచ్చాడు, ఇందులో పెడుతున్నాను.

అక్కడ మిమ్మల్ని చూసుకునే ఇమ్మానుయేల్ గారికి ఫోన్ చేశాను. "అరవై దినాలు నిండేదాకా ఫోను లేదమ్మా. జాబు రాయండి, నేనే చేతికిస్తా. ప్రాణం మీదికొచ్చిన సంగతైతే చెప్పండి, ఇప్పుడే బస్సెక్కిస్తా" అన్నారు. ప్రాణం మీదికే వచ్చింది. కానీ చెప్పలేదు. పోయినసారి ఇరవయ్యో రోజున బయటికొచ్చి నువ్వు బస్టాండు కూడా దాటలేదు. ఈసారి తాగితే లివర్ తట్టుకోదని డాక్టరు నా మొహం మీదే చెప్పారు. నిన్ను పిలిస్తే నువ్వు పోతావు, పిలవకపోతే ఇక్కడ ఇంకెవరు పోతారో. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

ఆ మనిషీ బతకాలి, నువ్వూ బతకాలి. ఎక్కడ ఏం మార్చాలో కాగితం మీద రాసి పంపు. వెంటనే.

అక్క
పద్మాక్షి

*

పులికాట్ ఒడ్డు
6-11-2025

అక్కకు,

నీ ఉత్తరం ఇమ్మానుయేల్ గారు చేపల పులుసు కలిపిన చేత్తోనే తెచ్చిచ్చారు. కవరు అంచున ఇంత మరక. నాయన చూసి ఉంటే ఆ మరకకే తలస్నానం చేసేవాడు.

చేతులు ఇంకా వణుకుతున్నాయి. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. తెల్లారి సరస్సు గట్టున నడిపిస్తారు. రొయ్యల పడవలు తిరిగొచ్చే వేళ అది. మొన్న ఆదివారం అవతల శ్రీహరికోటలో రాకెట్ వదిలారు. కిటికీలన్నీ గడగడలాడాయి. నా పక్క మంచం ఆయన మంచం కిందికి దూరాడు. నవ్వొచ్చింది. ఇరవై రోజుల్లో అదే మొదటి నవ్వు.

ఇక నీ ఉత్తరం. మనిషిని మింగేసిందని రాశావు. అక్కా, ఆ మాట పదిసార్లు చదివాను. ఏమీ తెలియకుండా అంత మాట అంటే ఎట్లా?

నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. రూబీ అనే భాషలో ఒక పని చేసి, వచ్చినదాన్ని ఇంకో పనికి ఇవ్వాలంటే మధ్యలో చుక్క పెడతారు. నాకా చుక్క ఎప్పుడూ నచ్చలేదు. దాని బదులు బాణం వాడేట్టు ఒక చిన్న లైబ్రరీ, అంటే ఏ ప్రోగ్రామరైనా తన ప్రోగ్రాంలో కలుపుకోగల కోడు, రాశాను. 'అందింపు' అని పేరు పెట్టాను. నీ పట్టీ తీసేది ఈ ఒక్క వరుసే:

రోగి >> ఫోన్ >> కబురు >> పట్టీలో_చేర్చు

రోగిని తీసుకుంటుంది, ఫోన్ నంబరు తీస్తుంది, ఆ నంబరుకు కబురు పంపుతుంది, కబురు అందిన పేరును పట్టీలో చేరుస్తుంది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి. ఇది నాకు ఎక్కణ్నించి వచ్చిందో నీకు చెప్పాలా? నాయన కోవెల మడపల్లిలో ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని వండేవాడు. వండిన గిన్నె కింద పెట్టకూడదు, మాట్లాడకూడదు. చేతి నుంచి చేతికి గర్భగుడి దాకా పోవాలి. ఇంట్లోనూ అదే ఆట. పొయ్యి దగ్గర నాయన, తర్వాత నువ్వు, తర్వాత నేను, పెరుమాళ్ల ముందు అమ్మ. గిన్నె ఖాళీగా వచ్చినా సరే, నోరెత్తకుండా అందించాలి.

నా లైబ్రరీ అంతే. మధ్యలో ఖాళీ వస్తే కూలిపోదు, గోల చెయ్యదు. ఖాళీనే చివరిదాకా అందిస్తుంది. అది దోషం కాదక్కా, దాని గొప్పతనమే అది. ముక్కూ మొహం తెలియని ముప్పై ఏడుమంది, ఎక్కడెక్కడి దేశాల వాళ్లో, దాన్ని వాడుకుంటున్నారు. ఈ జన్మలో నేను చేసిన మంచి పని అదొక్కటే. దాన్ని కూడా లాక్కోకు.

ఎవరో దానికి ఖాళీ ఇచ్చి ఉంటారు. మునిరత్నమ్మ పేజీ తెరిచి ఏ గడి ఖాళీగా ఉందో చూసి రాయి. ఆమె లేచి కూర్చుందా?

తమ్ముడు
శఠగోపం

*

చిత్తూరు
10-11-2025

శఠగోపం గారికి,

మీ గొప్పతనం గురించి చదివి ధన్యురాలినయ్యాను. కోవెలలో శఠగోపం నెత్తిన పెడితే ఆశీర్వాదం, బయట పెడితే మోసం. నీకు ఆ పేరు పెట్టిన నాయనను అనాలి.

మునిరత్నమ్మ లేచి కూర్చోలేదు. ఇంకా గొట్టాల మీదే ఉంది. పెంచలయ్య వరండాలోనే పడుకుంటున్నాడు. మా నర్సు స్టెల్లా రోజూ ఆయనకు ఇడ్లీ పొట్లం తీసుకెళుతోంది. "తినప్పా" అంటే, "ఆయమ్మి తిన్నాక తింటా" అంటాడట.

నువ్వు చెప్పినట్టే చూశాను. ఆమె పేజీలో ఫోన్ నంబరు గడి ఖాళీ. సొంత ఫోన్ లేదు వాళ్లకు, పక్కింటివాళ్ల నంబరు ఉండేది. ఎవరో తీసేశారు.

ఇక మడపల్లి ఆట. నువ్వు మూడో చేతివి, చిన్నవాడివి. నీకు గుర్తున్నది వేరు, నాకు గుర్తున్నది వేరు. రెండో చెయ్యి నాది. గిన్నె బరువు నాకు తెలియదా? కోవెలలో నాయనకు వంతు లేని నెలల్లో ఆ గిన్నె ఉత్తదే వచ్చేది. పైన మూత, లోపల ఏమీ ఉండేది కాదు. నాయనకు తెలుసు, నాకు తెలుసు, అమ్మకు తెలుసు. అమ్మ మూత తీసి పెరుమాళ్లకు చూపించి మళ్లీ మూసేసేది. ఆ పూట మంచినీళ్లు తాగి పడుకునేవాళ్లం. నువ్వు ఆట అనుకున్నావు. మాలో ఒక్కరు నోరు తెరిచి ఉంటే పక్కింటి నుంచి గ్లాసెడు బియ్యం వచ్చి ఉండేవి. ఎవరమూ తెరవలేదు. నువ్వు దాన్ని తీసుకుపోయి మిషనుకు నేర్పావు, పైగా దానికి పేరు పెట్టి లోకానికి పంచిపెట్టావు!

నువ్వు తాగుతున్న సంగతి కూడా ఈ ఇంట్లో అట్లాగే చేతులు మారింది. అమ్మకు తెలిసి నాకు చెప్పలేదు, నాకు తెలిసి నిన్ను అడగలేదు. నాలుగేళ్లు.

నిన్న ఆదివారం పట్టీ సంగతి విను. బాలచంద్ర బాణాలు తీసి చుక్కలు పెట్టి చూశాడు. మొత్తం కూలి కూర్చుంది. చివరికి నేనూ స్టెల్లా చేత్తో రాశాం. ఒకే మంచానికి ఇద్దరి పేర్లు పడ్డాయి. ఇవాళ పొద్దున్నే మిషను ముందు ఇద్దరు జబ్బు మనుషులు చొక్కాలు పట్టుకున్నారు. నేను మధ్యలో నిలబడి ఏడ్చాను. నలభై ఏడేళ్ల దాన్ని, అందరి ముందూ.

నీ గొప్ప నువ్వే ఉంచుకో. వచ్చే ఆదివారానికి మార్చాల్సిన వరుస నా చేతిలో ఉండాలి. లేకపోతే నేనే వచ్చి నిన్ను ఈడ్చుకొస్తాను, ఆ తర్వాత నువ్వేమైపోయినా సరే. కాదు, ఆ మాట కొట్టేస్తున్నాను. నువ్వు అక్కడే ఉండు. వరుస పంపు.

పద్మాక్షి

*

పులికాట్ ఒడ్డు
13-11-2025

అక్కా,

వరుస ఇంకో కాగితం మీద విడిగా రాసి పెట్టాను. పెద్ద అక్షరాలతో, రెండుసార్లు రాశాను. వణుకు వల్ల తప్పు చదువుతారేమోనని పక్క మంచం ఆయనతో కూడా ఒకసారి రాయించాను. ఆయన రాకెట్టుకు భయపడతాడు గానీ చేతిరాత ముత్యాలే. బాలచంద్రకు ఇవ్వు. బాణాలు ముట్టుకోవద్దని చెప్పు. లైబ్రరీ లోపల ఒకే ఒక్క చోట, ఖాళీ వచ్చినప్పుడు నోరుమూసుకోమని రాసి ఉంటుంది. అది కొట్టేసి ఇది పెట్టమను. ఇక మీద ఖాళీ వస్తే పని అక్కడే ఆగుతుంది. ఎవరి దగ్గర ఆగిందో ఆ పేరు తెర మీద ఎర్రగా వస్తుంది. మనిషి వచ్చి ఆ పేరు చూసి 'చూశాను' అని కొడితే గానీ ముందుకు కదలదు. ప్రోగ్రాంలోని రోగుల పుస్తకంలో ఉన్న ప్రతి పేరుకూ ఇంతే. ఎప్పటి నుంచి ఖాళీగా ఉన్నా సరే, అరుస్తుంది.

గిన్నె ఉత్తదని నాకు నిజంగా తెలియదక్కా. నా చేతికి వచ్చేసరికి బరువు సంగతి ఆలోచించేవాణ్ణి కాదు, పడెయ్యకుండా ఉంటే చాలనుకునేవాణ్ణి. నీ ఉత్తరం చదివి అన్నం దగ్గర నుంచి లేచిపోయాను.

ఒకటి చెప్పాలి. ఆరేళ్ల కింద, లైబ్రరీ వాడుకునే ఒకాయన ఎక్కడో పోర్చుగల్ నుంచి రాశాడు. 'ఖాళీ వస్తే మీ బాణాల గొలుసు నోరెత్తడం లేదు. దీనివల్ల ఏదో ఒక రోజు ఎవరికో దెబ్బ తగులుతుంది' అని. ఎంత మర్యాదగా రాశాడనుకున్నావు! నేను ఏం జవాబిచ్చానో తెలుసా? 'ఇది మా ఇంటి పద్ధతి, నచ్చకపోతే వాడకండి' అని కొట్టి ఆ ఫిర్యాదు మూసేశాను. అప్పుడు తాగి ఉన్నాను. తాగి లేకపోయినా అదే రాసేవాణ్ణి, అదీ సంగతి. కాబట్టి తెలియక చేసిందని నన్ను వెనకేసుకు రాకు. చెప్పినా వినలేదు నేను.

మొన్న సాయంత్రం గేటు దాకా నడిచాను. గేటు అవతల కిలోమీటరు దూరంలో మందు అంగడి ఉంది, వాసన ఇక్కడిదాకా వస్తున్నట్టే ఉంటుంది. గడియ మీద చెయ్యి వేశాను. ఇమ్మానుయేల్ గారు వరండాలోంచే, "ఏమప్పా, పడవలు సూసేదానికి పోతా ఉండావా?" అన్నారు. ఊ అన్నాను. "నేనూ వస్తా ఉండు" అని చెప్పులు తొడుక్కున్నారు. ఇద్దరం పోయి చీకటి పడేదాకా పడవలే చూశాం. ఆయనకు తెలుసు. అడగలేదు. చూశావా, ఈయనా అంతే.

ఇంకొకటి. ఆ ఫోన్ గడి ఖాళీ చేసిన మనిషి ఎవరో కనుక్కో. కనుక్కుని నా తరఫున కూడా చెడామడా తిట్టు. సగం పాపం ఆ మనిషిది.

మునిరత్నమ్మ ఎలా ఉంది? గొట్టాలు తీశారా?

గోపు

*

చిత్తూరు
17-11-2025

గోపూ,

తిట్టమన్నావు కదా. తిట్టు, ఎదురుగానే ఉన్నాను. ఆ గడి ఖాళీ చేసింది నేనే.

అక్టోబరు 18న. ఆ పక్కింటావిడ ఫోన్ చేసి, "పొద్దస్తమానం మీ ఆసుపత్రి మెసేజిలే మా ఫోనుకు. మేమేమన్నా వాళ్ల పనోళ్లమా? తీసేయండి" అని అరిచింది. నిన్ను అక్కడ దిగవిడిచి వచ్చిన వారమే అది. నా బుర్ర నా దగ్గర లేదు. తీసేశాను. పెంచలయ్యను అడిగి ఇంకో నంబరు పెడదామనుకున్నాను. మరిచిపోయాను. పోయిన ఉత్తరంలో 'ఎవరో' అని రాశాను. ఆ ఎవరో నేను. ఆ మాట రాసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నువ్వు సగం పాపం అన్నావు. సగమేనా?

నీ వరుస అందింది. బాలచంద్ర చదివి, "ఇంతేనా అక్కా!" అని నవ్వాడు, ఆ తర్వాత నవ్వలేదు. నిన్న ఆదివారం పొద్దున పది గంటలకు పెట్టి చూశాం. నేను, అతను, స్టెల్లా. మొదలైన క్షణానికే ఆగిపోయింది. ఎర్రగా ఒక పేరు. 'చూశాను' అని కొట్టాం. మళ్లీ ఆగింది. అట్లా ఆరుసార్లు, గోపూ. చంద్రకాంతమ్మ, కుప్పమ్మ, యోగానంద, కోమలి, దొరస్వామి, నాగూర్ బీ. ఈ ఆరుగురూ పుస్తకంలో ఉన్నారు, పట్టీలో లేరు. ఎన్నాళ్ల నుంచి లేరో ఎవరికీ తెలియదు. స్టెల్లా ప్రార్థన చేసుకుంది. నేను ఆ ఆరుగురి ఊళ్లూ కాగితం మీద రాసుకున్నాను.

వెంటనే బయల్దేరాం, స్టెల్లా స్కూటరు మీద. నిన్న నలుగురు, ఇవాళ ఇద్దరు. దొరస్వామి, యోగానంద, నాగూర్ బీ మన పట్టీలో పేరు రాలేదని తిరుపతిలో వేరే చోటికి పోతున్నారట, వారానికి రెండుసార్లు బస్సులో. కుప్పమ్మా, చంద్రకాంతమ్మా ఇంకా మిషను దాకా రాలేదు, నెలకొకసారి రక్తపరీక్షకు వచ్చేవాళ్లే, కాళ్లు కొంచెం వాచాయి, అంతకు మించి ఏమీ లేదు. కోమలి ఇంటికి తాళం. పక్కింటి తలుపు బాదాను. పక్కవాళ్లు చెప్పారు, కూతురి దగ్గరికి వేలూరు పోయిందనీ, అక్కడే చూపించుకుంటోందనీ. ఫోన్‌లో ఆమె గొంతు విన్నదాకా నేను ఆ మెట్టు దిగలేదు. ఆరుగురూ ఉన్నారు.

కుప్పమ్మ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "పేరు రాకపోతే ఒగ మాట అడగకూడదా అవ్వా?" అన్నాను. "మీరు పెద్దపెద్దోళ్లు, రాసేవోళ్లు. మీ రాతలో తప్పుంటాదామ్మా?" అంది. ఆ మజ్జిగ ఎట్లా తాగానో నాకే తెలియదు.

నీ వరుస ఆరుగురిని పట్టించింది. అది గుర్తుపెట్టుకో. గేటు దగ్గరికి పోయినప్పుడల్లా ఆ ఆరు పేర్లు చదువుకో. పడవలు చూడటానికి ఇమ్మానుయేల్ గారినే తోడు తీసుకెళ్లు.

చలి మొదలైంది. నీ కంబళి పంపనా?

అక్క

*

పులికాట్ ఒడ్డు
20-11-2025

అక్కా,

కంబళి వద్దు. నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. రెండుసార్లు చదివాను. నువ్వు చెప్పినట్టే ఆ ఆరు పేర్లు బయటికి చదువుకున్నాను. మూడోసారి చదువుతుంటే నోరు ఆగిపోయింది.

ఆ ఆరింటిలో మునిరత్నమ్మ లేదు.

ఆమె ఫోన్ గడి ఖాళీ అని నువ్వే రాశావు. ఖాళీ ఉన్న ప్రతి పేరునూ అరిచేట్టు రాసింది నేనే. మొట్టమొదట అరవాల్సింది ఆమె పేరే. అరవలేదంటే రెండే కారణాలు. ఆ గడిలో నంబరైనా వచ్చి ఉండాలి, లేదా ఆ పేరే పుస్తకంలో లేకుండా పోయి ఉండాలి. పెంచలయ్యకు నువ్వు ఫోను కొనిచ్చి ఉంటే ఆ సంగతి నాలుగు పేజీలు రాసేదానివి. నీ సంగతి నాకు తెలియదా? కంబళి గురించి అడిగావు గానీ ఆమె గురించి ఒక్క ముక్క లేదు.

ఎప్పుడు పోయింది అక్కా?

నాకు కోపం లేదు. నేను తట్టుకోలేనని దాచావు. మూత పెట్టి అందించావు. కానీ ఈసారి బరువు తెలిసింది నాకు. నిన్న సాయంత్రం మళ్లీ గేటు దాకా పోయాను. గడియ తీశాను కూడా. పాతిక అడుగులు నడిచాను. అక్కడ నిలబడిపోయి గట్టిగా, "ఇమ్మానుయేల్ గారూ, నేను తాగడానికి పోతున్నాను" అని అరిచాను. పడవల వాళ్లంతా తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చాను. ఆయన లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఇసుకలో నా పక్కన కూర్చున్నారు. ఆమె సంగతి మొత్తం చెప్పాను. నా జీవితంలో మొదటిసారి నాకు ఏం కావాలనిపించిందో నోటితో చెప్పాను. తాగలేదు. ఇవాళ తాగలేదు. రేపటి సంగతి రేపు చెబుతాను.

ఒక పని చెయ్యి. నన్ను పిచ్చివాడనుకోకు. మునిరత్నమ్మ పేరు పుస్తకంలో తిరిగి రాయి. మంచం వద్దు, రోజు వద్దు. ఫోన్ గడి ఖాళీగానే ఉంచు. వరుసలో అందరికంటే పైన పెట్టు. ప్రతి ఆదివారం పట్టీ మొదలయ్యేటప్పుడు మొదట ఆమె పేరే ఆగాలి. ఆమె పేరు ఎర్రగా వచ్చిందంటే అరుపు పనిచేస్తోందని అర్థం, ఆ తర్వాతే మిగిలినవాళ్ల పేర్లు. ఏ ఆదివారమైనా ఆమె పేరు రాకుండా పట్టీ వచ్చేస్తే, ఆ పట్టీని నమ్మొద్దు, చింపెయ్యి. బాలచంద్రకు ఇది చెప్పు, అతనికి అర్థమవుతుంది.

పోర్చుగల్ ఆయనకు ఇక్కణ్నుంచి బయటపడ్డాక మొదటి ఉత్తరం రాస్తాను. ముప్పై ఏడుమందికీ రాస్తాను.

పెంచలయ్యకు చెప్పావా? ఆయన ఇంకా తన తప్పే అనుకుంటున్నాడా? అట్లా అనుకోనిస్తున్నావా అక్కా?

గోపు

*

చిత్తూరు
24-11-2025

నా బంగారు తమ్ముడికి,

ఆమె పన్నెండో తేదీ బుధవారం తెల్లారుజామున పోయింది. నువ్వు ఆ వరుస కాగితం మీద పెట్టడానికి ఒక రోజు ముందు. పద్నాలుగున ఆమె పేరు పుస్తకంలోంచి తీసేశాను. ఆ మంచం ఇంకొకరికి ఇవ్వాలి కదా, అది మా నియమం. తీసేటప్పుడు మిషను నన్ను ఏమీ అడగలేదు. నీకు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ నీ గేటే కనిపించింది. ఇప్పుడు రాశాను.

పెంచలయ్యకు చెప్పలేదు. నువ్వు అడిగింది నిజమే, ఆయనను అట్లా అనుకోనిచ్చాను. ఆమె పోయాక కూడా పదకొండు రోజులు.

శనివారం నీ ఉత్తరం అందగానే ఐరాలకు మనిషితో కబురు పెట్టాను, ఆదివారం పొద్దున రమ్మని. వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, ఆమె ఆసుపత్రి కార్డు తిరిగి ఇచ్చెయ్యాలేమోనని జేబులో పెట్టుకుని వచ్చాడు. తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. బాలచంద్ర మీట నొక్కాడు. ఆగింది. ఎర్రగా ఆమె పేరు. నేనే బయటికి చదివాను. "మునిరత్నమ్మ."

ఆయన ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు.

అప్పుడు చెప్పాను. నంబరు తీసింది నేననీ, తీస్తే పేరు రాలిపోయేట్టు రాసింది నా తమ్ముడనీ, గోడ మీద ఆమె పేరు లేకపోవడానికి ఆమె జబ్బు తగ్గడం కారణం కాదనీ, ఆయన సరిగ్గానే చూశాడనీ, ఆయన తప్పు రవ్వంత కూడా లేదనీ. అన్నీ చెప్పాను. నిలబడే చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆ కార్డు జేబులోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఆయమ్మికి తెలుసమ్మా. రెండో ఆదివారం నాతో అనింది, 'నాకేం తగ్గలేదయ్యా, కాళ్లు సూడు ఎట్లుబ్బినాయో, పొయ్యి అడుగు' అని. నేను ఈడిదాకా వచ్చినాను. వాకిట్లోనే నిలబడినాను. అడగలా. అడిగితే మళ్లా పేరు రాసేస్తారేమో, మళ్లా జబ్బు ఉండాదంటారేమో అని బయమేసింది. అడక్కుండానే ఎనక్కి పోతి."

ఆయనా అంతే, గోపూ. ఉత్త గిన్నె పట్టుకుని వాకిలి దాకా వచ్చి, మూత తియ్యకుండా తిరిగిపోయాడు. నేను ఆయన పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. స్టెల్లా ఏడ్చింది. బాలచంద్ర బయటికి పోయి నిలబడ్డాడు. తెర మీద ఆ పేరు అట్లాగే ఉంది, 'చూశాను' అని ఎవరూ కొట్టలేదు.

చివరికి ఆయనే అడిగాడు, "ఇది ఇంగ పతి ఆదివారం పిలుస్తాదా ఆయమ్మిని?"

"పిలుస్తుంది" అన్నాను.

"ముందుగా?"

"అందరికంటే ముందు."

"అట్లయితే వస్తా" అన్నాడు. "పేరు పిలిస్తే పలికేదానికి మనిషుండల్ల గదా."

'చూశాను' అన్న మీట ఎక్కడుందో చూపించాను. ఆయన వేలు పట్టుకుని నొక్కించాను. పట్టీ కదిలింది. నూట ముప్పై తొమ్మిది పేర్లూ వచ్చాయి. ఆ ఆరుగురి నంబర్లూ ముందే రాసిపెట్టాం, ఎక్కడా ఆగలేదు.

కార్డు నేను తీసుకోలేదు. ఆయన దగ్గరే ఉంచుకోమన్నాను.

నీకు ఇంకా పదిహేడు రోజులున్నాయి. అక్కడే ఉండు. గేటు దాకా పోయినప్పుడల్లా అరిచి చెప్పు, పడవల వాళ్లు నవ్వితే నవ్వనీ. వద్దన్నా కంబళి పంపుతున్నాను, చలిగా ఉంటే ఉందని రాయి.

అక్క
పద్మాక్షి